డయాలిసిస్‌కు తీసుకెళ్లే మెడికెయిడ్ వ్యాన్ సరిగ్గా రాకపోతే ఏం చేయాలి?

అమెరికాలో మీ దగ్గర ఉంటున్న నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలిసిస్ అని, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) పంపే వ్యాన్ ఒకరోజు ఆలస్యంగా వస్తే ఇంకోరోజు అసలు రావడం లేదని రాశారు. దీనికి నియమాలేమైనా ఉన్నాయా, ఉచితంగా ఇస్తున్నదాన్ని గట్టిగా అడిగితే ఉన్నది కూడా తీసేస్తారా అని మీ ప్రశ్న. నియమాలున్నాయి. గట్టిగానే అడగండి. మా అమ్మ నాలుగేళ్లుగా ఇదే వ్యాన్‌లో డయాలిసిస్‌కు వెళ్లివస్తోంది కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

అమ్మకు పౌరసత్వం వచ్చాక మెడికెయిడ్ దొరికింది. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, అమ్మకు డ్రైవింగ్ రాదు. వ్యాన్ ఉదయం 5:30కు రావాలి, 6:15కు డయాలిసిస్ కుర్చీలో కూర్చోవాలి. వ్యాన్ 6:40కు వచ్చిన రోజున సెంటర్‌వాళ్లు ఏమీ అనరు కానీ, అదే కుర్చీలో తర్వాతి మనిషిని కూర్చోబెట్టాలి కదా. నాలుగు గంటలు జరగాల్సింది మూడు గంటలకే ఆపేస్తారు. ఒంట్లో నీరు మిగిలిపోతుంది, రాత్రికి ఆయాసం మొదలవుతుంది. ఆ రాత్రులు మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. అందుకే బండి ఆలస్యాన్ని చిన్న అసౌకర్యం అని ఎవరైనా కొట్టిపారేస్తే నాకు కోపం వస్తుంది. ఆ రోజు అమ్మకు అందాల్సిన వైద్యంలో నాలుగో వంతు అందలేదు.

ఇక నియమాల సంగతి. రోగులను డాక్టరు దగ్గరకు చేర్చే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత రాష్ట్రానిదేనని మెడికెయిడ్ ఫెడరల్ నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. 2020 డిసెంబరులో సంతకమైన కన్సాలిడేటెడ్ అప్రాప్రియేషన్స్ యాక్ట్ దాన్ని నేరుగా చట్టంలోకే ఎక్కించింది. కాబట్టి ఇది మీ నాన్నగారి హక్కు. అడిగినందుకు తీసేసే వీలు ఎవరికీ లేదు. (మెడికేర్‌తో, అంటే ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ బీమాతో, కలిపి చూడకండి. ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్‌లో కొన్ని షరతుల మీద అంబులెన్స్ ఉంటుంది తప్ప ఇలాంటి వ్యాన్ ఉండదు. మొదట్లో నేను అక్కడే పొరబడి, రెండు వారాలు తప్పు నంబరుకు ఫోన్ చేశాను.)

అదే చట్టం డ్రైవర్ల మీద కూడా కొన్ని షరతులు పెట్టింది. చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలి, ఫెడరల్ ఆరోగ్య పథకాల నుంచి వెలివేయబడిన మనిషి కాకూడదు, ట్రాఫిక్ ఉల్లంఘనలతో సహా డ్రైవింగ్ చరిత్రను రాష్ట్రానికి తెలియజేసే పద్ధతి ఉండాలి, రాష్ట్ర డ్రగ్ చట్టాలను అతిక్రమిస్తే ఏం చేయాలో కూడా ఉండాలి. యాప్ ట్యాక్సీ కంపెనీలకూ ఇవి వర్తిస్తాయి. మంచివే. కానీ వీటిలో ఏ ఒక్కటీ వ్యాన్ ఎన్నింటికి రావాలో చెప్పదు.

దానికి బ్రోకర్ దగ్గరకు, అంటే రాష్ట్రం తరఫున ఈ రైడ్లు ఏర్పాటు చేసే కంపెనీ దగ్గరకు, వెళ్లాలి. 2005 నాటి డెఫిసిట్ రిడక్షన్ యాక్ట్ రాష్ట్రాలకు ఈ పనిని బ్రోకర్‌కు అప్పగించే వీలు ఇచ్చింది. మీరు ఫోన్ చేసేది బ్రోకర్ కాల్ సెంటర్‌కు, వ్యాన్ పంపేది వాళ్ల కింద ఉన్న చిన్న కంపెనీ. చాలాచోట్ల బ్రోకర్‌కు నెలకు మనిషికి ఇంత అని ముందే ముట్టిపోతుంది, ట్రిప్పులు నడిచినా నడవకపోయినా. చిన్న కంపెనీకి మాత్రం నడిపిన ట్రిప్పుకే డబ్బు. అందుకే ఆ డ్రైవరు ఒకే గంటలో ముగ్గురిని ఎక్కించుకుంటానని ఒప్పుకుంటాడు, మూడో మనిషి దగ్గరకు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. డ్రైవరు మీద నాకు కోపం లేదు. లెక్క అలా కట్టినవాళ్ల మీదే.

బ్రోకర్ల గురించిన ఫెడరల్ నిబంధనలో ఒక మాట ఉంది, దాన్ని పట్టుకోండి. ప్రయాణం సకాలంలో జరిగేలా, ఫిర్యాదులను గమనించేలా, సిబ్బంది అర్హత, సామర్థ్యం, మర్యాద ఉన్నవాళ్లయ్యేలా బ్రోకర్ దగ్గర పర్యవేక్షణ ఏర్పాట్లు ఉండాలి. ‘సకాలంలో’ అంటే ఎన్ని నిమిషాలు? అది ఫెడరల్ నిబంధనలో లేదు, రాష్ట్రానికీ బ్రోకర్‌కూ మధ్య కాంట్రాక్టులో ఉంటుంది. మా రాష్ట్ర మెడికెయిడ్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ కాంట్రాక్టు దొరికింది. తిరుగు ప్రయాణానికి ఫోన్ చేశాక గంటలోపు బండి రావాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. అప్పటికి అమ్మ డయాలిసిస్ అయ్యాక, బీపీ పడిపోయి తల తిరుగుతుండగా, రెండేసి గంటలు లాబీలో కూర్చుంటోంది! ఆ పేజీ నంబరు రాసి ఫిర్యాదు పంపాక కాల్ సెంటర్‌లో మాట తీరే మారిపోయింది. మీ రాష్ట్రం కాంట్రాక్టు ఆన్‌లైన్‌లో లేకపోతే శాఖకు రాసి అడగండి.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టిన విషయం వేరే ఉంది. అమ్మకు ఇంగ్లిష్ రాదు. మా అపార్ట్‌మెంట్లకు రెండు గేట్లు. కొత్త డ్రైవరు వెనక గేటు దగ్గర ఆగి అమ్మకు ఫోన్ చేస్తాడు, ఆవిడ ఏదో ప్రకటన అనుకుని పెట్టేస్తుంది. ఐదు నిమిషాలు చూసి వెళ్లిపోతాడు. రికార్డులో మాత్రం ‘రోగి రాలేదు’ అని పడుతుంది. అలా మూడుసార్లు అయ్యాక, ఇంకోసారి జరిగితే స్టాండింగ్ ఆర్డర్ (ప్రతిసారీ ఫోన్ చేయకుండా వారంవారం వ్యాన్ వచ్చేలా పెట్టిన బుకింగ్) రద్దు చేస్తామని ఉత్తరం వచ్చింది. ముందు గేటులో కోటు వేసుకుని నిలబడ్డ మనిషి మీద! ఆ మూడు ట్రిప్పుల నంబర్లు ఇచ్చి, బండి ఎక్కడ ఆగిందో జీపీఎస్ రికార్డు చూడమని రాతపూర్వకంగా అడిగాను. రెండింటిని కొట్టేశారు. ఫైల్‌లో నా నంబరు, ఏ గేటు, ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి’ అనే మాట ఎక్కించుకున్నారు. ఇంటర్‌ప్రెటర్ ఉచితం, అడగడానికి మొహమాటపడకండి.

ట్రిప్ షీట్ (ప్రతి ప్రయాణానికీ డ్రైవరు నింపే కాగితం) మీద సంతకం దగ్గర కూడా జాగ్రత్త. ఒక డ్రైవరు వారానికి సరిపడా ఖాళీ షీట్ల మీద అమ్మతో ఒకేసారి సంతకాలు పెట్టించుకున్నాడు. నడపని ట్రిప్పులకు బిల్లు పెట్టే మోసాలు ఈ రంగంలో జరుగుతాయి కాబట్టే ఆ షీట్లు పెట్టారు. ఎక్కిన టైము, దిగిన టైము రాశాకే నాన్నగారిని సంతకం చేయమనండి, మీరు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఎప్పుడైనా ఆలస్యం మీద వాదించాల్సి వస్తే అదే మీ సాక్ష్యం. నియమాలు కఠినం చేయాలని మాట్లాడేవాళ్లు ఎప్పుడూ మోసం గురించే మాట్లాడతారు. ఆ షీట్లలోనే ఎవరి వైద్యం ఎన్ని నిమిషాలు తెగిపోయిందో కూడా ఉంది, దాన్ని కూడా అంతే పట్టుదలగా లెక్కపెట్టి బ్రోకర్‌కు జరిమానా వేయాలన్నది నా అభిప్రాయం.

మీరు వెంటనే చేయాల్సింది, డయాలిసిస్ సెంటర్ సోషల్ వర్కర్‌ను కలవడం. ప్రతి సెంటర్‌లోనూ ఒకరు ఉండాలని ఫెడరల్ నిబంధన. ఆలస్యం వల్ల ఏయే రోజు ఎంతసేపు డయాలిసిస్ తగ్గిందో ఆవిడ రాసిచ్చిన కాగితమే మా కేసును కదిలించింది. నాన్నగారు ఒంటరిగా వెళ్లలేకపోతే, అవసరమని డాక్టరు రాస్తే తోడు మనిషిని కూడా అనుమతిస్తారు. మీకు వీలైన రోజుల్లో మీరే తీసుకెళ్తే మైళ్ల లెక్కన డబ్బు ఇస్తారేమో కూడా అడగండి.

ఆలస్యానికి, రాకపోవడానికి గ్రీవెన్స్ (రాతపూర్వక ఫిర్యాదు) పెట్టాలి. రైడ్ ఇవ్వబోమన్నా తగ్గించినా దారి వేరు: కారణంతో రాతపూర్వక నోటీసు ఇవ్వమనండి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి తీసుకోకండి. మెడికెయిడ్ ప్లాన్ (రాష్ట్రం తరఫున మెడికెయిడ్‌ను నడిపే బీమా కంపెనీ) ద్వారా ఉంటే నోటీసు తేదీ నుంచి 60 రోజుల్లో ప్లాన్‌కు అప్పీలు, అక్కడా కాదంటే రాష్ట్రం దగ్గర ఫెయిర్ హియరింగ్ (మీ వాదన విని తీర్పు ఇచ్చే విచారణ). ఇప్పుడున్న రైడ్లు ఆపేస్తామంటే, ఆ నోటీసులో ఉన్న అమలు తేదీకి ముందే అప్పీలు పెట్టి, తీర్పు వచ్చేదాకా కొనసాగించమని అందులోనే రాయండి.

మాకు చివరికి ఒకే కంపెనీని కేటాయించారు, వారంలో రెండు రోజులు ఒకే డ్రైవరు వస్తాడు. ఆలస్యాలు బాగా తగ్గాయి, శనివారాలు మాత్రం ఇప్పటికీ కష్టంగానే ఉంది. నాన్నగారి మెడికెయిడ్ నేరుగా రాష్ట్రం నుంచా, ప్లాన్ ద్వారానా అన్నది కింద రాస్తే, ఫిర్యాదు ఎవరి పేరున పెట్టాలో చెబుతాను. ఈలోగా రేపటి ట్రిప్పు నుంచే టైములు రాయడం మొదలుపెట్టండి.