నిందితుడా, హంతకుడా?

సందేహం: 'మెమరీస్ ఆఫ్ మర్డర్' (2003) అనే కొరియా సినిమాపై సమీక్ష రాస్తూ 'ఉత్కంఠంగా సాగి, క్లైమాక్స్‌లో నిందితుడు దొరక్కుండానే ముగుస్తుంది' అన్నాను. వాక్యంలో తప్పులున్నాయని మిత్రుడు అంటున్నాడు. ఏమిటవి?

సమాధానం: ఉత్కంఠకు 'గా' చేరితే 'ఉత్కంఠగా' అవుతుంది. శ్రద్ధగా అంటాం గాని శ్రద్ధంగా అనం కదా! సున్నా ఉండాల్సిందేనంటే 'ఉత్కంఠభరితంగా' అనండి.

అసలు చిక్కు 'నిందితుడు' దగ్గరుంది. నేరం చేసి ఉంటాడని పోలీసులు అనుకునేవాడు అనుమానితుడు. కేసులో పేరెక్కితే నిందితుడు. అతన్నే కోర్టులో ముద్దాయి అంటాం (ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు, మన దగ్గరికొచ్చేసరికి బోనులోకి మారాడు). నేరం రుజువైందని తీర్పు వస్తే దోషి. హంతకుడు ఈ వరసలోకి రాడు. పట్టుబడినా పడకపోయినా చంపినవాడు హంతకుడే. ఆ సినిమాలో ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురిని పట్టుకొచ్చి చావబాదుతారు. అనుమానితులకు కరువే లేదు, దొరకనిది హంతకుడు.

ఆ కథకు ఆధారమైన, దక్షిణ కొరియాలోని హ్వాసాంగ్ ప్రాంతంలో నిజంగా జరిగిన హత్యల్లోనే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అవి 1986–91 మధ్య జరిగాయి. వేరే హత్యకేసులో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న ఖైదీని 2019లో డీఎన్‌ఏ పట్టిచ్చింది, అతను ఒప్పుకున్నాడు కూడా. కానీ కేసు పెట్టే గడువు ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి ఆ హత్యల వరకు అతను హంతకుడే గాని దోషి కాడు. వాటిలో ఒక హత్యకు దాదాపు 20 ఏళ్లు జైల్లో మగ్గిన మరొకాయన అన్నాళ్లూ చట్టం దృష్టిలో దోషి, హంతకుడు మాత్రం కాదు. చివరికి 2020లో కోర్టు ఆయన్ను నిర్దోషిగా తేల్చింది.

ఇక క్లైమాక్స్, ముగింపు ఒకటి కావు. వానలో రైలు సొరంగం దగ్గర, అమెరికా నుంచి వచ్చిన డీఎన్‌ఏ నివేదిక చేతికందే ఘట్టం క్లైమాక్స్. పతాక సన్నివేశం అన్నా సరే. ఏళ్ల తర్వాత, పోలీసు ఉద్యోగం మానేసిన డిటెక్టివ్ పొలం గట్టున నిలబడి సూటిగా మనవైపు చూడటం ముగింపు. దీన్ని 'కొసమెరుపు' అనీ రాయకండి. దాచిన సంగతి చివర్లో బయటపడితే కొసమెరుపు, ఇక్కడ బయటపడేదేమీ లేదు.

'ఉత్కంఠగా సాగి, హంతకుడెవరో తేల్చకుండానే ముగుస్తుంది' అంటే సరిపోతుంది. కొత్తగా విడుదలైన సినిమాకైతే ఆ రెండో సగం తీసేసి, 'ముగింపు అలవాటైన దారిలో ఉండదు' అని ఆపేయండి.