చేతి సంచిలో నెయ్యి, ఆవకాయ: ఆపినవాళ్లను అడగాలా, పెట్టుకోమన్నవాళ్లను అడగాలా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది మలక్‌పేట. మా అమ్మకు 68 ఏళ్లు. డిసెంబరులో మా చెల్లి కాన్పుకని శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా డాలస్‌కు ఒక్కతే వెళ్లింది. టికెట్ నేనే కొన్నాను. కౌంటర్‌లో ఒక సూట్‌కేసు 23 కిలోలు దాటి రెండున్నర కిలోలు ఎక్కువ తూగింది. అక్కడి అమ్మాయి "ఆంటీ, ఒకటి రెండు డబ్బాలు తీసి హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టుకోండి, సరిపోతుంది" అందట. అమ్మ ఆ అమ్మాయి ఎదుటే కిలో నెయ్యి డబ్బా, ఆవకాయ సీసా తీసి చేతి సంచిలో పెట్టుకుంది. ఇమిగ్రేషన్ అయ్యాక సెక్యూరిటీ చెక్‌లో ఆ రెండూ తీసేశారు. మలబద్ధకానికి రోజూ తాగే 200 మి.లీ. సిరప్ కూడా పక్కన పెట్టేశారు. చలికి నెయ్యి రాయిలా గడ్డకట్టి ఉంది, అది ద్రవం ఎలా అవుతుంది? రసీదు కూడా ఇవ్వలేదు. సిరప్ లేక అమ్మ దారిపొడుగునా, దిగాక రెండు రోజులూ అవస్థ పడింది. అలా తీసుకునే హక్కు వాళ్లకు ఉందా? ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో మూడు వస్తువులున్నాయి. చట్టం మూడింటినీ ఒకేలా చూడదు. నెయ్యి, ఆవకాయ ఆపడం సబబే. సిరప్ సంగతి వేరు. ఇక మీ అసలు ఫిర్యాదు, నా ఉద్దేశంలో, సెక్యూరిటీ దగ్గర కాదు, అంతకుముందే కౌంటర్ దగ్గర మొదలైంది.

ముందు నెయ్యి. "ద్రవం కాదు కదా" అన్న మీ వాదన వినడానికి బాగానే ఉంటుంది కానీ నిలబడదు. చేతి సామానుకు ఉన్న ఈ నిబంధన ద్రవాలకు మాత్రమే కాదు. జెల్‌లకు, పేస్టులకు, స్ప్రేలకు కూడా వర్తిస్తుంది. గడ్డకట్టినా కరిగినా నెయ్యి ఇందులోకే వస్తుంది. పెరుగు, తేనె, కొబ్బరినూనె, టూత్‌పేస్టు, నూనె తేలే పచ్చళ్లు అన్నీ అంతే. అంతర్జాతీయ విమానం ఎక్కేవారు ఒక్కో సీసా 100 మి.లీ. మించకుండా, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే, మూత బిగించే పారదర్శకమైన కవరులో పెట్టుకోవాలి. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. సీసాలో ఎంత మిగిలిందన్నది లెక్క కాదు, సీసా ఎంత పడుతుందన్నదే లెక్క. 200 మి.లీ. సీసాలో అడుగున రెండు చెంచాల నూనె ఉన్నా అది 200 మి.లీ. సీసాయే.

ఈ 100 మి.లీ. పద్ధతి వెనుక కారణం ఉంది. 2006 ఆగస్టులో లండన్ నుంచి అమెరికా, కెనడా వెళ్లే విమానాలను కూల్‌డ్రింక్ సీసాల్లో దాచిన ద్రవ పేలుడు పదార్థాలతో పేల్చేయాలన్న కుట్రను బ్రిటన్ పోలీసులు బయటపెట్టారు. మామూలు ఎక్స్‌రే మిషన్ సీసా ఆకారాన్ని చూపిస్తుంది, లోపలున్నది నీళ్లా ఇంకేదైనానా అన్నది తేల్చలేదు. ఆ తర్వాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ చేసిన సిఫారసులను దేశాలు అమలులోకి తెచ్చాయి. మన దేశంలో ఆ పని బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీది, అంటే బీసీఏఎస్‌ది. 2025 జనవరి 1 నుంచి అమలులో ఉన్న భారతీయ వాయుయాన్ అధినియం (విమానయాన చట్టం), దానితోపాటు 2023 నాటి విమాన భద్రతా నియమాలు దాని వెనుక ఉన్న చట్టబలం. శంషాబాద్‌లో ఆ ఆదేశాలను అమలు చేసేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అంటే సీఐఎస్ఎఫ్.

ఆదేశం పైనుంచి వస్తుంది కాబట్టి మినహాయింపు కూడా పైనుంచే రావాలి. అయ్యప్ప భక్తుల ఇరుముడినే చూడండి. అందులో నెయ్యి నింపిన కొబ్బరికాయ ఉంటుంది. కొబ్బరికాయను చేతి సామానులో అనుమతించేవారు కాదు. 2024 అక్టోబరులో శబరిమల యాత్రికుల కోసం 2025 జనవరి 20 వరకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. అది కూడా తనిఖీకి లోబడే. ఎక్స్‌రే దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ తనంత తానుగా "పెద్దావిడ కదా, పోనీలే" అనలేడు. అంటే అతని ఉద్యోగానికే ఇబ్బంది.

ఆవకాయలో కారం ఉంటుంది కాబట్టి ఇంకో అడ్డు కూడా రావచ్చు. మిరపకాయ పచ్చడి, కారప్పొడి చేతి సామానులో నిషిద్ధం. దేశంలోపల తిరిగే విమానాల్లో నీళ్ల సీసాకు అంత పట్టింపు ఉండదు కానీ, కారం విషయంలో విశాఖ విమానమైనా ఒప్పుకోరు. కంట్లో కొడితే ఏమవుతుందో మనకు చెప్పనక్కర్లేదు.

రసీదు గురించి అడిగారు. రాజ్యాంగం 300-ఎ అధికరణం ప్రకారం చట్టబలం లేకుండా ఎవరి ఆస్తినీ లాక్కోకూడదు, నిజమే. నేరం దర్యాప్తులో పోలీసులు వస్తువును స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి సాక్షుల సంతకాలు తీసుకోవాలి, అదీ నిజమే. కానీ సెక్యూరిటీ చెక్‌లో జరిగేది స్వాధీనం కాదు. "ఈ వస్తువుతో ఈ గీత దాటనివ్వం" అని చెప్పడం మాత్రమే. వస్తువు అప్పటికీ మీదే. వెనక్కి తీసుకెళ్లి చెకిన్ సామానులో వేయించుకోవచ్చు, బయట ఉన్న మనవాళ్లకు ఇవ్వచ్చు, లేదా అక్కడే వదిలేసి వెళ్లచ్చు. కాగితం మీద మూడు దారులున్నా ఇమిగ్రేషన్ ముద్ర పడ్డాక, టెర్మినల్ లోపలికి కొడుకు రాలేనిచోట, 68 ఏళ్ల తల్లికి మిగిలేది మూడోదే. ఇది నాకు బాధ కలిగించే విషయం. ఒకసారి అదే లైన్‌లో నా ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. స్టీలు డబ్బా మూతకు తెల్లగుడ్డ వాసెన కట్టి, దానిపైన పాలిథిన్ కవరు చుట్టి, దారంతో ముడి మీద ముడి వేసింది. ఆ ముళ్లు విప్పడానికి ఆవిడకు ఐదు నిమిషాలు పట్టింది. డబ్బా తెరవగానే ఇంటి వెన్న కాచిన వాసన. జవాను మర్యాదగానే "నహీ మాజీ" అన్నాడు. ఆవిడ డబ్బా వదిలేసి, గుడ్డ మాత్రం మడిచి సంచిలో పెట్టుకుంది. అక్కడ ఎవరూ చట్టం తప్పలేదు. కానీ అరగంట ముందు కౌంటర్‌లో ఒక్కమాట చెప్పి ఉంటే ఆ నెయ్యి సూట్‌కేసులో వెళ్లేది.

మీ కేసు బలం అక్కడే ఉంది. మీ అమ్మగారి విషయంలో కౌంటర్‌వాళ్లు చెప్పకపోవడమే కాదు, ఎదురుగా నెయ్యి, ఆవకాయ కనిపిస్తుండగా హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టుకోమని చెప్పారు. అంతర్జాతీయ ప్రయాణికులను రోజంతా పంపించే సిబ్బందికి ఈ నిబంధన తెలియదనడానికి వీల్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(11) సెక్షన్ ప్రకారం ఇది సేవలో లోపమని నేను వాదిస్తాను. "నిషిద్ధ వస్తువుల జాబితా టికెట్‌తోపాటే ఇచ్చాం, తెలుసుకోవాల్సిన బాధ్యత ప్రయాణికురాలిదే" అని ఎయిర్‌లైన్ జవాబిస్తుంది. దానికి మన సమాధానం సూటిగానే ఉంటుంది: జాబితా అందరికీ ఇచ్చారు, సలహా మాత్రం ఈమెకు, ఈ డబ్బాలు చూసి ఇచ్చారు.

సీఐఎస్ఎఫ్ మీద వినియోగదారుల కేసు వేయొద్దు. వాళ్లు మీకు డబ్బుకు సేవ అమ్మలేదు, చట్టం అప్పగించిన విధి చేశారు. సమాచార హక్కు దరఖాస్తు పెడదామని కూడా అనుకోవద్దు. ఆ చట్టం రెండో షెడ్యూలులో సీఐఎస్ఎఫ్ ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు తప్ప సమాచారం ఇవ్వాల్సిన పని వాళ్లకు లేదు.

ఇక సిరప్. ఇక్కడ మీ వైపు న్యాయం ఉండే అవకాశం ఉంది. ప్రయాణంలో అవసరమయ్యే మందులకు, పసిపిల్లల పాలకు, ఆహారానికి 100 మి.లీ. హద్దు వర్తించదు. "ప్రయాణానికి సరిపడా" అన్నదే కొలత. కానీ అది మందేనని, ఆమెదేనని తనిఖీ చేసేవారికి నమ్మకం కలగాలి. అందుకు ప్రిస్క్రిప్షన్ కావాలి, అందులో పేరు పాస్‌పోర్టులో పేరుతో కలవాలి. అమ్మగారి చేతిలో ఆ కాగితం ఉందా, చూపించారా అన్నది మీరు రాయలేదు. చూపించినా ఆపి ఉంటే అది తప్పు. తేదీ, సమయం, విమానం నంబరుతో బీసీఏఎస్‌కు, సీఐఎస్ఎఫ్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కాగితం మీ ఫోన్‌లోనో సూట్‌కేసులోనో ఉండిపోయి ఉంటే మాత్రం ఆ జవానును తప్పుపట్టలేం. అలాంటప్పుడు గొడవ పడకుండా "షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ను పిలవండి, మా ఎయిర్‌లైన్‌వాళ్లను పిలవండి" అని అడగాలి. ఈ రెండు మాటలూ మీ అమ్మగారికి తెలుగులోనూ హిందీలోనూ నేర్పండి.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. ముందు ఎయిర్‌లైన్‌లో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఈమెయిల్ పెట్టండి. కౌంటర్ నంబరు గుర్తుంటే రాయండి. లేకపోతే బోర్డింగ్ పాస్, బ్యాగేజ్ ట్యాగ్ చాలు, ఆ కౌంటర్ ఏదో వాళ్లే తేల్చుకోగలరు. సూట్‌కేసు తెరిచి డబ్బాలు బయటికి తీసిన దృశ్యం కౌంటర్ దగ్గరి కెమెరాలో ఉండి ఉంటుంది. ఆ ఫుటేజ్ చెరిపేయకుండా ఉంచాలని ఎయిర్‌లైన్‌కూ, విమానాశ్రయం నిర్వాహకులకూ విడివిడిగా రాయండి. ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు, ఫుటేజ్‌ను ఎక్కువ రోజులు ఉంచరు. అమ్మగారు ఆ రోజు మీకు వాట్సాప్‌లో ఏమైనా చెప్పి ఉంటే ఆ ఆడియో కూడా డిలీట్ చేయకండి, అప్పటికప్పుడు అన్న మాటకు విలువ ఎక్కువ. జవాబు రాకపోతే పౌర విమానయాన శాఖ వారి ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించండి. చాలా తగాదాలు ఆ దశలోనే తెగిపోతాయి.

తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. డబ్బు కట్టి టికెట్ కొన్నది మీరు, ప్రయాణించింది అమ్మగారు. చట్టం దృష్టిలో ఇద్దరూ వినియోగదారులే. కాబట్టి ఆమె అమెరికా నుంచి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఎయిర్‌లైన్ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉండే చోటే ఫిర్యాదు చేయవచ్చు. టికెట్ ఖరీదు 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. లాయరును కూడా పెట్టుకోనక్కర్లేదు, మీరే వాదించుకోవచ్చు.

ఒకటి ఉన్నదున్నట్టు చెబుతాను. నెయ్యి, ఆవకాయ ఖరీదు కలిపినా రెండు వేలు దాటదు. తప్పుడు సలహా వల్ల కలిగిన ఇబ్బందికి కమిషన్ ఇచ్చే పరిహారం కూడా పెద్ద మొత్తం ఉంటుందని ఆశపెట్టను. అయినా ఈమెయిల్ వరకు తప్పకుండా వెళ్లమంటాను. పైకి ఫిర్యాదు అందితేనే ఆ కౌంటర్‌లో ఇంకో తల్లికి ఆ సలహా ఇవ్వకుండా ఉంటారు.

మీ చెల్లి కోసం ఇంకెవరైనా వెళ్లేలా ఉంటే, బరువు ఇంట్లోనే తూచుకోండి. స్ప్రింగ్ త్రాసు నాలుగైదు వందలకు దొరుకుతుంది. నెయ్యి, పచ్చడి సూట్‌కేసు మధ్యలో, బట్టల నడుమ, గాజుసీసాలో కాకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. సరిగా కట్టని సీసా పగిలితే, అది సామానులోని లోపమే అంటూ ఎయిర్‌లైన్ తప్పించుకోవచ్చు. అమెరికా విమానాల్లో 350 మి.లీ. దాటిన పొడులను కూడా చేతి సంచిలో ఆపుతారు కాబట్టి కందిపొడి, నువ్వులపొడి కూడా సూట్‌కేసులోకే. చికెన్, మటన్ పచ్చళ్లు అసలు వద్దు, అక్కడి కస్టమ్స్‌వాళ్లు ఒప్పుకోరు. మిగతా తినుబండారాలన్నీ దిగాక కస్టమ్స్‌వాళ్లకు దాచకుండా చెప్పమనండి.

అమ్మగారి తిరుగు ప్రయాణానికి సిరప్ ప్రిస్క్రిప్షన్ ప్రింటు తీయించి, పాస్‌పోర్టు కవరులోనే పెట్టించండి.