రేటింగ్ 5 ఉన్న స్కూల్లో పాపని వేయొచ్చా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మేము డాలస్ దగ్గర అద్దెకి ఉంటున్నాం. పాప సెకండ్ గ్రేడ్, బాబుకి మూడేళ్లు. ఇల్లు కొందామని తిరుగుతుంటే ఒకటి బాగా నచ్చింది, మా బడ్జెట్‌లోనే ఉంది, కానీ దానికొచ్చే ఎలిమెంటరీ స్కూల్ రేటింగ్ చూస్తే 10కి 5. స్టార్ (టెక్సాస్ రాష్ట్రం ఏటా పెట్టే) పరీక్షలో గ్రేడ్ లెవెల్ అందుకున్నవాళ్లు సగం మంది కూడా లేరు, పిల్లల్లో 65 శాతం ఎకనామికల్లీ డిసడ్వాంటేజ్డ్, అంటే పేద కుటుంబాలవాళ్లు, అని రాసుంది. పక్క స్కూల్ డిస్ట్రిక్ట్‌లో 9 రేటింగ్ స్కూల్, మనవాళ్లూ ఎక్కువ, కాకపోతే ఇల్లు లక్షన్నర డాలర్లు ఎక్కువ పెట్టాలి. మావారు అప్పు చేసైనా అక్కడే కొందామంటున్నారు, ఆడపడుచుదీ అదే మాట. ఇక్కడే కొంటే పాప చదువులో వెనకబడిపోతుందా?
- ఒక తల్లి, టెక్సాస్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఆ స్కూల్లో చదువు ఎలా చెప్తున్నారన్నది ఒకటి, ఆ స్కూల్‌కి ఎవరి పిల్లలు వస్తున్నారన్నది ఇంకొకటి. సగటు మార్కు ఎక్కువగా చెప్పేది రెండోదాని గురించే. ఇదేమీ కొత్తగా తెలిసింది కాదు, 1966లోనే జేమ్స్ కోల్మన్ అనే సోషియాలజిస్టు ప్రభుత్వం కోసం ఆరు లక్షలకి పైగా పిల్లల వివరాలు తీసుకుని చూస్తే, మార్కుల్లో తేడాలకి స్కూల్లో ఉన్న వసతుల కంటే ఇంటి పరిస్థితులే పెద్ద కారణమని తేలింది.

మీరే ఓ చిన్న లెక్క వేసి చూడండి, అంకెలు ఊరికే ఉదాహరణకి అనుకున్నవే. మొదటి స్కూల్లో 100 మంది, అందులో 80 మంది కాస్త కలిగినవాళ్ల పిల్లలు, 20 మంది పేదవాళ్ల పిల్లలు. కలిగినవాళ్లలో 75 శాతం, పేదవాళ్లలో 40 శాతం పాసయ్యారు, మొత్తం 68 మంది. రెండో స్కూల్లో కలిగినవాళ్లు 30 మందే, పేదవాళ్లు 70. ఇక్కడ కలిగినవాళ్లలో 80 శాతం, పేదవాళ్లలో 50 శాతం పాసయ్యారు, మొత్తం 59. చూశారా, రెండు రకాల పిల్లలూ రెండో స్కూల్లోనే బాగా చదువుతున్నారు, అయినా రేటింగ్‌లో కిందకి పోయేది ఆ స్కూలే! మీరు చూసిన 5 వెనక ఇలాంటిది ఉందో లేదో విడదీసి చూస్తే తప్ప తెలీదు.

స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ టీమ్ దేశంలోని స్కూల్ డిస్ట్రిక్టుల మార్కులన్నీ ఒకే స్కేలు మీదకి తెచ్చి చూశారు. సగటు మార్కులైతే డబ్బుని బట్టే ఉన్నాయి, కానీ థర్డ్ గ్రేడ్ నుంచి ఎయిత్ దాకా పిల్లలు ఏటా ఎంత ఎదుగుతున్నారని చూసేసరికి డబ్బుతో సంబంధం బాగా పలచబడిపోయింది. చికాగోలో 2009 నుంచి 2014 మధ్య పిల్లలు ఐదేళ్ల కాలంలో ఆరేళ్ల చదువు నేర్చుకున్నారు, సగటు మాత్రం తక్కువే కాబట్టి రేటింగ్ చూసి ఇల్లు కొనేవాళ్లకి అది కనపడదు.

నేను ఇక్కడ పబ్లిక్ స్కూల్లో చాలా ఏళ్లు మ్యాథ్స్ చెప్పాను. ఒక ఏడాది సిక్స్త్ గ్రేడ్‌లోకి ఓ అబ్బాయి వచ్చాడు, దేశానికొచ్చి ఎనిమిది నెలలు. టెక్సాస్‌లో స్పానిష్‌లో స్టార్ రాసే వీలు ఫిఫ్త్ గ్రేడ్ వరకే, ఆరు నుంచి ఇంగ్లీషే. ఓ రోజు ప్రాక్టీస్ షీట్‌లో హోటల్ బిల్లు మీద 15 శాతం టిప్ ఎంత అనే లెక్క వచ్చింది, వాడు పెన్సిల్ పట్టుకుని అలా కూర్చుండిపోయాడు, నేను పక్కకెళ్లి వంగి ఆ ఒక్క మాటకీ స్పానిష్‌లో ‘ప్రొపీనా’ అని చెప్పానో లేదో, ఆన్సర్ రాసేసి కాగితం నా వైపు తిప్పాడు, స్టెప్పులు కూడా రాయలేదు, మనసులోనే చేసేశాడు. ఏప్రిల్‌లో అసలు పరీక్షలో అలా చెప్పకూడదు కదా. ఆ రిజల్టు షీట్‌లో వాడు లెక్కలు రాని పిల్లాడు. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది నాకు.

స్కూల్ రిపోర్టులో ఇంగ్లీష్ లెర్నర్స్ (ఇంకా ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు) వరుసలో మార్కులు ఎప్పుడూ తక్కువే ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంగ్లీషు బాగా వచ్చేసిన పిల్లల్ని కొన్నేళ్లకి ఆ గ్రూపులోంచి తీసేస్తారు, వాళ్ల చోట్లోకి కొత్తగా వచ్చినవాళ్లు చేరతారు. బాగా చెప్పే స్కూల్లో కూడా ఆ వరుస పైకి లేవడం కష్టమే.

మనవాళ్లు ఎక్కువ ఉన్నచోట మార్కులు ఎక్కువ అన్నారు. నిజమే, కానీ మనలో చాలామందిమి డిగ్రీలు చేతపట్టుకుని ఉద్యోగం వీసాల మీద వచ్చినవాళ్లం, పిల్లలకి మాటలొచ్చే వయసు నుంచే పుస్తకాలు చదివి వినిపించే ఇళ్లు. ఆ మార్కుల్లో స్కూల్ వాటా ఎంతో ఇంటి వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. రిపోర్టులో ‘ఆసియన్’ అనే అదే పేరు కింద శరణార్థులుగా వచ్చిన కంబోడియా, మ్యాన్మార్ కుటుంబాల పిల్లలూ ఉంటారు, వాళ్ల అవసరాలు మన సగటు కింద మరుగునపడిపోతాయి.

ఇంకో మాట చెప్పాలి, దీన్ని తప్పుగా తీసుకోకండి. మీరు చూసిన ఈ లెక్కలు జాతి వారీగా, ఆదాయం వారీగా, ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు, స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు అని విడివిడిగా ఇవ్వాలని దేశమంతటికీ పెట్టింది నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం, 2002 జనవరిలో సంతకమైంది. 2015లో దాని చోట ఇంకో చట్టం వచ్చినా, థర్డ్ గ్రేడ్ నుంచి ఎయిత్ దాకా ఏటా రీడింగ్, మ్యాథ్స్ పరీక్షలూ ఈ గ్రూపుల లెక్కలూ అలాగే ఉన్నాయి. మొత్తం సగటు బాగుందని చెప్పి వెనకబడ్డ పిల్లల్ని వదిలేయకూడదని తెచ్చిన పట్టికలు ఇవి. ఆ పిల్లల కోసం పెట్టిన పట్టిక చూసే మనం ఆ పిల్లలున్న చోట ఇల్లు వద్దనుకుంటున్నాం. ఇక్కడ స్కూళ్లకొచ్చే డబ్బులో పెద్ద వాటా ప్రాపర్టీ టాక్స్‌దే కాబట్టి, కలిగినవాళ్లంతా ఒకవైపే చేరితే రెండోవైపు ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మీరు చేయాల్సింది. టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ (రాష్ట్ర విద్యాశాఖ) స్కూళ్లకి ఇచ్చే ఏ టు ఎఫ్ గ్రేడ్‌లో ‘స్కూల్ ప్రోగ్రెస్’ అని ఒక భాగం ఉంటుంది, పిల్లలు గతేడాది కంటే ఎంత ఎదిగారన్నదీ, అంతే శాతం పేద పిల్లలున్న వేరే స్కూళ్లతో పోలిస్తే ఎలా ఉందన్నదీ అందులో చూస్తారు. మొత్తం గ్రేడ్ కంటే ముందు అది చూడండి, మూడేళ్లది చూడండి, ఒక్క ఏడాదిది చూసి నిర్ణయం తీసుకోకండి. అలాగే పేదలు కాని పిల్లల వరుస విడిగా చూసి 9 రేటింగ్ స్కూల్లో అదే వరుసతో పోల్చండి. తర్వాత స్వయంగా వెళ్లి టీచర్లు ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారో అడగండి. పేద పిల్లలు ఎక్కువున్న స్కూళ్లలో టీచర్లు తొందరగా మారిపోవడం నిజంగా ఉన్న సమస్య, అది దాచి మీకు ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు. మిడిల్ స్కూల్లో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్ ఉందో లేదో కూడా కనుక్కోండి. టీచర్లు నిలకడగా ఉండి ఎదుగుదల బాగుంటే ఆ ఇల్లే కొనండి, మీవారికి నేను చెప్పానని చెప్పండి అనట్లేదు, ఆ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూపించండి చాలు. ఎదుగుదల కూడా లేదు, టీచర్లు ఏటా మారుతున్నారు అంటే మాత్రం వేరే ఇల్లు చూసుకోండి.

ప్రశ్న: మా స్కూల్ రిపోర్టులో ఫోర్త్ గ్రేడ్‌లో మన పిల్లల గ్రూపు దగ్గర నంబరు బదులు నక్షత్రం గుర్తు (*) పెట్టారు. ఏమైనా దాస్తున్నారా?
- ఒక తండ్రి, టెక్సాస్

జవాబు: దాస్తున్నది స్కూల్ తప్పుని కాదండీ, పిల్లల్ని. గ్రూపులో నలుగురే ఉంటే శాతం చూసి ఫెయిలయ్యింది ఎవరో క్లాసులో అందరికీ తెలిసిపోతుంది, విద్యార్థుల వివరాలు బయటపడకూడదని 1974 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. నంబరు ఇచ్చినా చిన్న గ్రూపుల్ని మరీ నమ్మకండి, 12 మందిలో ఒక్క పిల్లకి ఆ రోజు జ్వరమొస్తే 8 శాతం పడిపోతుంది. అన్ని గ్రేడ్‌లూ కలిపి ఉన్న వరుస చూడండి. మీ అబ్బాయి మార్కులు మాత్రం పేరెంట్ పోర్టల్‌లో మీకు పూర్తిగా కనిపిస్తాయి, ప్రశ్నల వారీగా కూడా.