ఆటోపేలో పోతున్న డబ్బు: అన్నీ ఆపేయాలా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. నేనూ మావారూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. అత్తయ్య, ఏడేళ్ల బాబు మాతోనే ఉంటారు. నాలుగు ఓటీటీలకు 1,150, రెండు పాటల యాప్‌లకు 300, క్లౌడ్ స్టోరేజ్‌కి 210, జిమ్‌కి 1,800, బాబు కోడింగ్ యాప్‌కి 1,500 రూపాయలు నెలనెలా ఆటోపేలో వాటంతటవే కట్ అవుతున్నాయి. అత్తయ్య చూసేది ఒక్క తెలుగు ఓటీటీనే. మావారు "చిన్న చిన్నవే కదా" అంటారు. నాకు టెన్షన్‌గా ఉంది. అన్నీ ఆపేయమంటారా?

జవాబు: అన్నీ వద్దు. విడివిడిగా చిన్నవేనన్న మీవారి మాట నిజమే. కలిపితే మాత్రం నెలకు 4,960, ఏడాదికి 59,520 రూపాయలు. ఇందులో కావాలనుకుని కడుతున్నవెన్ని, ఆపడం మర్చిపోయి కడుతున్నవెన్ని అన్నది ముందు తేల్చుకోండి.

అన్నిటికంటే ముందు కోడింగ్ యాప్ సంగతి చూడండి. పిల్లల కోర్సులు చాలావాటిని ఫైనాన్స్ కంపెనీ లోన్ మీద అంటగడుతుంటారు. చేరిన రోజు పాన్, ఆధార్ అడిగి, ఏదో ఒప్పందానికి ఓటీపీ తీసుకున్నారా? అలాగైతే మీరు కడుతున్నది ఈఎంఐ. ఆటోపే తీసేసినా అప్పు అలాగే ఉంటుంది, పైగా వాయిదాలు తప్పి సిబిల్ స్కోరు (అప్పులు ఎంత సరిగా తీరుస్తున్నారో చెప్పే అంకె) దెబ్బతింటుంది. రేపు హోమ్ లోన్‌కి వెళ్లినప్పుడు ఆ విషయం బయటికొస్తుంది. బాబు నేర్చుకోవడం లేదనుకుంటే ముందు కోర్సు రద్దు చేయించి, లోన్ క్లోజ్ అయినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. మ్యాండేట్, అంటే ఆటోపేకి మీరిచ్చిన అనుమతి, ఆపడం ఆ తర్వాతే.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. ఒక్క నెలది చూస్తే ఏడాదికోసారి కట్ అయ్యేవి దొరకవు. యూపీఐ యాప్‌లో ఆటోపే పేజీ, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల పేజీ, కార్డు మీద ఇచ్చిన మ్యాండేట్లు కూడా చూడాలి. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన డబ్బు కట్ అవడం ఆగదు. బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌తో వచ్చే ఓటీటీకే మళ్లీ కార్డు మీద విడిగా కడుతున్న ఇళ్లను చూస్తూనే ఉంటాను, మీదీ చూసుకోండి. ఒక జాగ్రత్త: అదే జాబితాలో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి), టర్మ్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా ఉంటాయి. విసుగులో వాటినీ రద్దు చేసేయకండి.

2022 జూన్ నుంచి 15,000 రూపాయల దాకా ఆటో డెబిట్లకు ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. అందుకే డబ్బు పోయిన సంగతి తెలియదు. కానీ ఎవరికి, ఎంత, ఏ తేదీన వెళ్తుందో కనీసం 24 గంటల ముందు మీకు తెలపాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ మెసేజ్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య పడి ఉంటుంది. వచ్చినప్పుడు చదవండి, వద్దనుకుంటే ఆపడానికి అదే సమయం.

అత్తయ్యగారి తెలుగు ఓటీటీని ముట్టుకోకండి. మీరంతా వెళ్లిపోయాక పగలంతా ఆవిడకు కాలక్షేపం అదే. మిగతా మూడింటిలో ఒక్కోసారి ఒక్కటే ఉంచండి, అదీ నెల ప్లాన్‌లో. పాటల యాప్ ఒకటి చాలు. ఇక జిమ్. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి ఇల్లు చేరాక వెళ్లే ఓపిక ఉంటోందా? రెండు నెలలుగా వెళ్లకపోతే ఆపేయండి.

ఇలా చేస్తే నెలకు సుమారు 2,500 మిగులుతుంది. అకౌంట్లో వదిలేస్తే వీకెండ్ బిల్లుల్లో కలిసిపోతుంది కాబట్టి, జీతం పడిన మర్నాడే ఆర్‌డీలోకి (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) వెళ్లేలా పెట్టండి. వడ్డీ కాకుండానే ఏడాదికి 30,000. మీ ఉత్తరంలో ఎమర్జెన్సీ ఫండ్ మాట లేదు. ఇప్పటిదాకా లేకపోతే దీనితోనే మొదలుపెట్టండి.

ఎవరైనా రద్దు బటన్ దొరక్కుండా తిప్పుతుంటే ఊరుకోవద్దు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో ఇలా రద్దు చేసుకోనివ్వకపోవడం, అంటే 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్', ఒకటి. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు.