బైపీసీ అమ్మాయి, కెమిస్ట్రీ డిగ్రీ: మ్యాథ్స్ భయం ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ. ఒక ఏడాది లాంగ్ టర్మ్ కూడా చేసింది, నీట్‌లో సీటు రాలేదు. ఇప్పుడు కెమిస్ట్రీ మేజర్‌గా డిగ్రీ చేస్తానంటోంది. పదో తరగతిలో లెక్కల్లో 94 వచ్చాయి గానీ ఆ తర్వాత మ్యాథ్స్ ముట్టుకోలేదు. నెగ్గుకురాగలదా? వాళ్ల నాన్న ఫోరెన్సిక్ సైన్స్‌కి మంచి డిమాండ్ అంటున్నారు. బీఫార్మసీ కూడా చూస్తున్నాం. ఎవరైనా అడిగితే ‘డిగ్రీ’ అని చెప్పాలంటే ఏదోలా ఉంది. మూడింట్లో ఏది మేలు? – ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే ఈ ప్రశ్న నాకు రోజుకొకటి వస్తుంది. ఊరు మారుతుంది, అంతే. ముందు మ్యాథ్స్ సంగతి తేల్చేద్దాం.

మీ అమ్మాయి ఇంటర్ సెకండియర్‌ కెమిస్ట్రీలోనే నెర్న్‌స్ట్ ఈక్వేషన్ లెక్కలు చేసింది. ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్ హాఫ్ లైఫ్ ఎంతంటే 0.693 బై కే అని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పీహెచ్ లెక్కల్లో లాగ్‌లు, గ్రాఫుల్లో స్లోప్‌లు, అవన్నీ మ్యాథ్స్ కాక మరేమిటి? అదీ నీట్‌కి కాలిక్యులేటర్ లేకుండా చేసింది. డిగ్రీలో కొత్తగా తగిలేవి డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్. అవి కూడా ఎక్కువగా ఫిజికల్ కెమిస్ట్రీలో, థర్మోడైనమిక్స్, క్వాంటం దగ్గర. ఆర్గానిక్‌లో ఆ బాధ దాదాపు లేదు. ఎంపీసీ చదివిన వాళ్లెవరి దగ్గరైనా పాత 1బీ, 2బీ పుస్తకాలు అడిగి తెచ్చుకుని, రోజుకో గంట చొప్పున రెండు నెలలు కూర్చుంటే చాలు. 2023లో సింగిల్ మేజర్ (మూడు సబ్జెక్టుల బదులు ఒకటే ప్రధాన సబ్జెక్టు) తెచ్చినప్పుడు మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి బేసిక్స్ పేపర్లు పెట్టారు. మీరు చేరే కాలేజీ ఇప్పటి సిలబస్ ఓసారి చూసుకోండి. అన్నట్టు, మ్యాథ్స్ తప్పించుకోడానికే బీఫార్మసీ చూస్తుంటే, బైపీసీ వాళ్లకి అక్కడా మొదటి సెమిస్టర్‌లో రెమిడియల్ మ్యాథమెటిక్స్ అని, మ్యాథ్స్ చదవని వాళ్ల కోసమే ఒక పేపర్ ఉంది.

ఒక్క విషయం మాత్రం దాచను. ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలకు వెళ్లాలనుకుంటే, వాటిలో కొన్ని ఇంటర్ స్థాయిలో మ్యాథ్స్ చదివి ఉండాలని అడుగుతాయి. ర్యాంకు వచ్చాక ఆ నిబంధన చదివి ఏడ్చిన పిల్లల్ని చూశాను. దారి లేకపోలేదు. బైపీసీ పాసైన వాళ్లు హాజరు మినహాయింపుతో మ్యాథ్స్‌ని అదనపు సబ్జెక్టుగా రాసుకునే వీలు మన ఇంటర్ బోర్డు ఇస్తోంది. డిగ్రీ ఫస్టియర్‌లోనే ఆ పని పూర్తి చేస్తే ఆ తలుపు మూసుకుపోదు.

ఇక ఫోరెన్సిక్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టంలో, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలని ఉంది. దాన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు కూడా ఇచ్చారు. ఆ మాట పట్టుకుని ప్రైవేటు కాలేజీలు బ్రోచర్ల మీద భూతద్దం బొమ్మ వేసి సీట్లు అమ్ముతున్నాయి. పని పెరుగుతుంది, నిజమే. కానీ ఆ పని ఇచ్చేది ప్రధానంగా ప్రభుత్వం. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, ఎన్ని పోస్టులతో వస్తుందో బ్రోచర్ వేసినవాడికి తెలియదు. పైగా ల్యాబ్‌లో జరిగేదేమిటి? విసెరాలో, అంటే శవం నుంచి తీసిన లోపలి అవయవాల్లో, విషం ఉందా, సారాలో ఏం కలిపారు, పట్టుకున్న సరుకు గంజాయా మరొకటా... ఇదంతా కెమిస్ట్రీయే. అందుకే ఆ విభాగాల పోస్టులకు కెమిస్ట్రీ పీజీ చేసినవాళ్లని కూడా తీసుకుంటారు. హైదరాబాద్ రామంతాపూర్‌లోని సెంట్రల్ ల్యాబ్ అయినా అంతే. కెమిస్ట్రీ చదివితే తర్వాత ఫోరెన్సిక్‌కి వెళ్లొచ్చు. బీఎస్సీ ఫోరెన్సిక్‌తో ఆగినవాళ్లని ఫార్మా కంపెనీ పిలవడం నేనైతే చూడలేదు. వాళ్ల నాన్నగారికి సీరియల్‌లో కనిపించే ఫోరెన్సిక్ వేరు, ఇది వేరు.

ఇప్పుడు మీకో మాట, కోపం తెచ్చుకోకండి. లెక్కల్లో 94 వచ్చిన పిల్లని డాక్టర్ కావాలని బైపీసీలో వేసింది మీరే. ఇప్పుడు మ్యాథ్స్ లేదని దిగులు పడుతోందీ మీరే. లాంగ్ టర్మ్‌లో ఏడాదిపాటు గోడల మధ్య కూర్చుని వచ్చి, ఆ పిల్ల ఇంకా ఒక సబ్జెక్టు ఇష్టమని చెబుతోంది చూడండి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగంమంది ఆ మాట కూడా చెప్పలేరు. ‘డిగ్రీ’ అని చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నది అమ్మాయికి కాదు, మీకు. డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టిన డాక్టర్ అంజిరెడ్డి గారు గుంటూరు ఏసీ కాలేజీలో చదివిందీ బీఎస్సీయే, మీకు దగ్గరే. అలాగని అందరూ ఆయనంతటి వాళ్లవుతారని నేననను.

బీఎస్సీతో ఆపేస్తే పరవాడలోనో జీడిమెట్లలోనో ఫార్మా కంపెనీలో ప్రొడక్షన్‌లో, క్యూసీలో (నాణ్యత పరీక్షించే విభాగం) ట్రైనీగా మొదలుపెట్టాలి. షిఫ్టులుంటాయి, జీతం మొదట్లో తక్కువే. ఎమ్మెస్సీ చేస్తే ఆర్ అండ్ డీ, జూనియర్ లెక్చరర్ పోస్టులు, పరిశోధనకి, లెక్చరర్ ఉద్యోగాలకి రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష, ఈ దారులు ఉంటాయి. కాబట్టి ఐదేళ్ల చదువు అనుకునే దిగండి. మందుల షాపు పెట్టుకోవాలంటే మాత్రం ఈ మూడింట్లో బీఫార్మసీయే. ఆ రిజిస్ట్రేషన్ కెమిస్ట్రీ డిగ్రీతో రాదు.

అసలు అర్హత ఏమిటని అడిగితే నేను ఒకటి చెబుతాను. బ్యూరెట్‌లో, అంటే చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టంలో, ఊదా రంగు పర్మాంగనేట్, కింద ఫ్లాస్క్‌లో వేడి చేసిన ఆక్సాలిక్ యాసిడ్. మొదటి చుక్క రంగు పోవడానికి బద్ధకిస్తుంది. కాసేపటికి పడిన చుక్క పడినట్టే మాయమవుతుంది. చివర్లో ఒక్క చుక్కకి లేత గులాబీ నిలిచిపోతుంది. మొదట్లో ఎందుకు ఆలస్యమైంది సార్ అని అడిగే పిల్ల కెమిస్ట్రీకి పనికొస్తుంది. అక్కడ పుట్టిన మాంగనీసే రియాక్షన్‌ని తోస్తోందని తెలిసినప్పుడు ఆ ముఖంలో వెలుగు చూడాలి. పాతికేళ్లు ఆ ల్యాబ్‌లోనే నిలబడ్డాను కాబట్టి చెబుతున్నాను.

వెబ్ ఆప్షన్లు ఇచ్చే ముందు అమ్మాయిని తీసుకుని రెండు మూడు కాలేజీలకు వెళ్లండి. ప్రిన్సిపాల్ రూమ్‌లో కాఫీ తాగి వచ్చేయకండి, ల్యాబ్ చూపించమనండి. బ్యూరెట్ల మీద దుమ్ము ఉందా, సింకులో నీళ్లు వస్తున్నాయా చూడండి. వారానికి ఎన్నిసార్లు ప్రాక్టికల్స్ జరుగుతాయని అక్కడి అటెండర్‌ని అడగండి. పరీక్షల ముందు మాత్రమే అని ఆయన అంటే, ఆ కాలేజీని లిస్టులోంచి కొట్టేయండి.