ఎమ్మెస్ అప్లికేషన్ ఫీజు మాఫీ అవుతుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్న కౌలు రైతు. అమెరికాలో ఆరు యూనివర్సిటీలకు అప్లై చేయాలంటే ఫీజులే తడిసి మోపెడయ్యేలా ఉన్నాయి. మాఫీ అడగొచ్చా?

అడగొచ్చండి. కాకపోతే అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఆదాయం చూసి ఇచ్చే మాఫీ ఆ దేశ పౌరులకూ, శాశ్వత నివాసులకే. మనకు దొరికే దారులు వేరు. కొన్ని విభాగాలు ఆన్‌లైన్ పరిచయ సమావేశానికి హాజరైతే చాలు, మాఫీ కోడ్ పంపిస్తాయి. ఇంకొన్నిచోట్ల పీహెచ్‌డీకి ఇస్తారు, ఎమ్మెస్‌కి ఇవ్వరు. అది తేలాలంటే ఆ విభాగంలో అడ్మిషన్ల పని చూసే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి నాలుగు ముక్కల ఈమెయిల్ రాయడమే: పేరు, కోర్సు, ఇంటి ఆదాయం, మాఫీకి వీలుందా అన్న ప్రశ్న. కొబ్బరి ధర పడిపోయిన కథంతా అక్కర్లేదు. ఆదాయ ధ్రువపత్రం మాత్రం ఇప్పుడే తీసి ఉంచుకోండి, అడిగితే పంపొచ్చు. ఇదంతా డబ్బు కట్టకముందే జరగాలి. కట్టేశాక వెనక్కి రావడం దాదాపు కల్ల.

జర్మనీ లెక్క వేరు. అక్కడి చాలా యూనివర్సిటీల తరఫున విదేశీ దరఖాస్తులు చూసే యూని-అసిస్ట్ సంస్థ ద్వారా వెళ్తే మొదటి దరఖాస్తుకి 75 యూరోలు, అదే సెమిస్టర్‌కి తర్వాతి ఒక్కోదానికి 30. నేరుగా దరఖాస్తు తీసుకునే యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫీజే ఉండదు.

ఇక్కడే చదువుతానంటే, ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఫీజు అమ్మాయిలకూ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకూ సగమే: 2026 పరీక్షకి గడువులోపు కట్టినవాళ్ల దగ్గర 2000కి బదులు 1000 రూపాయలే తీసుకున్నారు. రాజమహేంద్రవరం నన్నయ యూనివర్సిటీలో పీజీ కోసం రాసే పీజీసెట్‌కీ కేటగిరీని బట్టి తగ్గుతుంది.

అన్నట్టు, ఆరు ఎందుకో కూడా ఒకసారి ఆలోచించండి. కన్సల్టెన్సీ వాళ్లు రాసిచ్చిన జాబితా అయితే మరీనూ.