మాణిక్యాంబా? మాణిక్యమ్మా? మాణిక్యమాంబా?

సందేహం: మా అత్తగారి పేరు మనవరాలికి పెట్టాలనుకుంటున్నాం. ఆవిడను ఇంట్లో అందరూ మాణిక్యం అనేవారు. రేషన్ కార్డులో మాణిక్యమ్మ అని, పొలం పాస్‌బుక్కులో మాణిక్యమాంబ అని, పెళ్ళి శుభలేఖలో మాణిక్యాంబ అని ఉంది. వీటిలో ఏది సరైనది? ఆ పేరుకు అర్థం ఏమిటి? మన వైపే ఎందుకు వినిపిస్తుంది? పేరు పాతగా ఉందని మా అబ్బాయి, కోడలు మణిక్య అనో మానిక అనో పెడతామంటున్నారు. పెట్టవచ్చా?
– ఆత్రేయపురం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: శుభలేఖలో ఉన్న మాణిక్యాంబే అసలు రూపం. మాణిక్యమ్మ దాని తెలుగు రూపం, అదీ సలక్షణమైనదే. పాస్‌బుక్కులోని మాణిక్యమాంబను తప్పని కొట్టేయలేం గానీ కొత్తగా పెట్టే పేరుకు నేను సూచించను. మణిక్య, మానిక మాత్రం వద్దు.

ముందు అర్థం. మాణిక్యం అంటే కెంపు. నవరత్నాల్లో సూర్యుడికి చెప్పిన ఎర్రరాయి. అమరకోశం దీనికి శోణరత్నం, లోహితకం, పద్మరాగం అనే పేర్లు చెప్పింది. మూడింటిలోనూ ఎరుపే ఉంది. మణి అంటే ఏ రత్నమైనా కావచ్చు, మాణిక్యం అంటే నిక్కచ్చిగా ఆ ఒక్కటే. అయితే తెలుగువాళ్ళ నోట ఈ మాట రంగును దాటి చాలా దూరం వచ్చింది. ‘మట్టిలో మాణిక్యం’ అన్నప్పుడు ఎరుపు ఎవరికీ గుర్తుకు రాదు, విలువే గుర్తుకొస్తుంది. అన్నమయ్య చిన్నికృష్ణుణ్ణి గొల్లెతల ‘అరచేతి మాణికము’ అన్నప్పుడూ అంతే. అక్కడ వాడిన ‘మాణికము’ తద్భవ రూపం. ‘మానికము’ అని కూడా ఉంది.

మొదటి అక్షరానికి దీర్ఘం ఎందుకొచ్చిందంటే, సంస్కృతంలో ఇలాంటి ‘య’ ప్రత్యయం చేరినప్పుడు మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది. అధిక – ఆధిక్యం, పండిత – పాండిత్యం, మధుర – మాధుర్యం. అదే దారిలో మణిక – మాణిక్యం. కాబట్టి ‘మణిక్య’ అని రాయడం ‘అధిక్యం’ అని రాయడం లాంటిదే. వినడానికి నాజూకుగా ఉండవచ్చు, మాట మాత్రం కాదు.

ఇక ‘మానిక’. వరి పండే ఊళ్ళో ఈ పేరు పెడితే పెద్దవాళ్ళు తప్పకుండా నవ్వుతారు. మానిక ధాన్యం కొలిచే పాత్ర. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే కుంచంలో నాలుగో వంతు. కెంపు అనే అర్థమిచ్చే మానికానికీ ఈ మానికకూ మధ్య తేడా చివరి సున్న ఒక్కటే, పిలుపులో అది నిలవదు. అన్నట్టు, ‘మోనిక’ను కూడా దీనికి చుట్టంగా కలుపుతుంటారు. అది యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవ నామం, మాణిక్యంతో దానికి ఏ సంబంధమూ లేదు.

మీ వైపే ఎందుకు వినిపిస్తుందన్న ప్రశ్నకు జవాబు ద్రాక్షారామంలో ఉంది. అక్కడి భీమేశ్వరస్వామి దేవేరి మాణిక్యాంబ. పంచారామాల్లో ఒకటిగా స్వామికి ఎంత పేరుందో, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటిగా అమ్మవారికీ అంతే పేరుంది. శంకరాచార్యుల పేరు మీద ప్రచారంలో ఉన్న శక్తిపీఠ స్తోత్రంలో ‘మాణిక్యా దక్షవాటికే’ అని వస్తుంది. వాటిక అన్నా ఆరామం అన్నా తోటే. దక్షవాటిక, దక్షారామం రెండూ దక్షుడి తోటే. దక్షుడికి సంబంధించినది కాబట్టి ‘దాక్ష’ అయి దాక్షారామం వచ్చింది, తర్వాత ఎక్కడో ‘ర’ వత్తు తగులుకుని ద్రాక్షారామం అయింది. ద్రాక్షపండుకు ఇందులో చోటు లేదు. ఊరివాళ్ళు ద్రాక్షారం, దాక్షారం అని రెండు రకాలుగానూ అంటారు.

క్షేత్రం పేరును బట్టి కాక, క్షేత్రంలోని అమ్మవారి పేరును బట్టి ఆడపిల్లకు పేరు పెట్టుకోవడం మన దగ్గర పాత అలవాటు. శ్రీశైలం మొక్కు ఉన్నవాళ్ళు భ్రమరాంబ అని, శ్రీకాళహస్తి మొక్కు ఉన్నవాళ్ళు జ్ఞానప్రసూనాంబ అని పెట్టుకుంటారు. డెల్టావాళ్ళకు దగ్గరున్నది మాణిక్యాంబ. మగపిల్లవాడికి భీమేశ్వరరావు, భీమశంకరం కూడా ఈ దారివే. పక్కనే పిఠాపురంలో పురుహూతిక ఉంది, అదీ శక్తిపీఠమే. కానీ ఆ పేరు మనుషులకు పెట్టడం అరుదు. ఇంట్లో పిలుచుకోవడానికి వీలుగా తుంచుకోలేని పేరు నిలబడదని నా అభిప్రాయం. మాణిక్యాంబను తుంచితే మాణిక్యం వస్తుంది, మణి వస్తుంది. పురుహూతికను ఎక్కడ తుంచుతాం?

మీ అసలు చిక్కు మూడు రూపాలది. అక్కడ కాస్త ఆగాలి.

మాణిక్య, అంబ రెండూ సంస్కృత పదాలు. అకారానికి అకారం పరమైతే సవర్ణదీర్ఘం: మాణిక్య + అంబ = మాణిక్యాంబ. స్తోత్రంలో ఉన్నట్టు మాణిక్యా అని స్త్రీలింగంగా తీసుకున్నా ఫలితం అదే. సంస్కృతంలో చివర ‘అంబా’ అని దీర్ఘం ఉంటుంది, తెలుగులోకి వచ్చేసరికి సీతా సీత అయినట్టు అది అంబ అవుతుంది. దీర్ఘం పిలుపులో మాత్రం తిరిగి వస్తుంది: ‘మాణిక్యాంబా!’

మాణిక్యమ్మలో రెండో పదం తెలుగు ‘అమ్మ’. తెలుగు పదం పరమైనప్పుడు సవర్ణదీర్ఘం పనిచేయదు, అత్వసంధి పనిచేస్తుంది. మొదటి అకారం లోపించి సీత + అమ్మ సీతమ్మ అవుతుంది గాని సీతామ్మ కాదు. మాణిక్య + అమ్మ కూడా అలాగే మాణిక్యమ్మ. ఈ తేడా తెలియకపోవడం వల్లే కాగితాల్లో రెండు తప్పులు కనిపిస్తాయి: అమ్మకు ముందు దీర్ఘం పెట్టి ‘మాణిక్యామ్మ’, అంబకు ముందు దీర్ఘం తీసేసి ‘మాణిక్యంబ’. గుర్తు పెట్టుకోవలసింది ఇంతే: అంబ ఉంటే ‘క్యా’, అమ్మ ఉంటే ‘క్య’.

ఇందులోనే చాలామందికి మరో అనుమానం వస్తుంది. అమ్మ అంబకు వికృతి కదా, అలాంటప్పుడు అంబే గొప్పదా అని. బడిలో ప్రకృతి–వికృతుల పట్టికలో అంబ–అమ్మ జంట ఉన్న మాట నిజమే. కానీ అమ్మ తమిళంలో ఉంది, కన్నడంలో ఉంది, మలయాళంలో ఉంది. ద్రావిడ భాషల సొంత ఆస్తిని అప్పుగా రాసుకోనక్కరలేదు. వాడుకలో తేడా మాత్రం ఉంది. ఆగమ పద్ధతిలో పూజలందుకునే గుడి దేవతకు అంబ, గ్రామదేవతకు అమ్మ: ఇటు మాణిక్యాంబ, భ్రమరాంబ, అటు నూకాలమ్మ, మరిడమ్మ, మావుళ్ళమ్మ. మనుషుల పేర్లలో ఈ గీత లేదు. శుభలేఖలో అంబగా ఉన్నావిడే రేషన్ కార్డులో అమ్మ కావడం మామూలే.

పాస్‌బుక్కులోని మాణిక్యమాంబ మధ్యలో పుట్టిన రూపం. వెంగమ్మను గౌరవంగా రాయాలనుకుని వెంగమ + అంబ = వెంగమాంబ చేశారు. మొల్ల మొల్లమాంబ అయింది, రుద్రమ రుద్రమాంబ అయింది. అదే అచ్చులో మాణిక్యమ్మను పోసి మాణిక్యమ + అంబ = మాణిక్యమాంబ చేశారు. విడదీసి చూస్తే అమ్మ ఒకసారి, అంబ ఒకసారి. వెంగమ్మకు వేరే సంస్కృత రూపం లేదు కాబట్టి ఆ దారి తప్పనిసరైంది. మాణిక్యానికి అలాంటి ఇబ్బంది లేదు, సూటిగా మాణిక్యాంబ ఉండనే ఉంది. పాత కాగితాల్లో ఉన్నదాన్ని దిద్దించుకుంటూ తిరగవద్దు; కొత్త పేరుకు మాత్రం ఆ రూపం అక్కరలేదు. మాణిక్యాంబిక అని కూడా వినే ఉంటారు, అర్థంలో తేడా లేదు.

‘ణ’ గురించి ఒక మాట. మీ జిల్లాల్లో మాట్లాడేటప్పుడు ణ చాలావరకు న అయిపోతుంది, అందుకే ‘మానిక్యాంబ’ అని రాసేస్తారు. కొందరు చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని సమర్థిస్తారు: ర, ష, ఋ ఉంటేనే కదా న ణ అవుతుంది, ఇక్కడ అవేవీ లేవు కదా అని. ఆ సూత్రం రామాయణం, భూషణం వంటి మాటలకు వర్తిస్తుంది. మణి, గుణం, వీణ, వాణి, కోణం వంటివాటిలో ణ పుట్టుకతోనే ఉంది. దానికి కారణం వెతకనక్కరలేదు. అది హ్రస్వ ‘ణి’ అని కూడా చూసుకోండి; ‘మాణీక్యం’ తప్పు.

మీ అబ్బాయికి, కోడలికి చిన్న పేరే కావాలంటే ‘మాణిక్య’ అని పెట్టుకోమనండి. రాయి పేరుగా అది సంస్కృతంలో నపుంసకలింగం. కానీ అమ్మవారి పేరుగా స్తోత్రం స్త్రీలింగంలో ‘మాణిక్యా’ అనే అంది కాబట్టి ఆడపిల్లకు నిక్షేపంగా సరిపోతుంది. ‘మాణిక్యం’ అని ఆగిపోతే అది మగవారికీ ఉన్న పేరు. అసలు రత్నాల పేర్లకు తెలుగులో స్వతహాగా ఆడా మగా లేదు, వెనక చేరే మాటే తేలుస్తుంది: ముత్యాలమ్మ, ముత్యాలరావు; మాణిక్యమ్మ, మాణిక్యాలరావు. పాతగా ఉందన్న మాటలో నిజం లేకపోలేదు. అంబ, అమ్మ చివరనున్న పేర్లు నాయనమ్మల తరంతో తగ్గాయి. తర్వాత లక్ష్మి, కుమారి, రాణి వచ్చాయి, ఇప్పుడు శ్రీతోనో ఇకతోనో ముగిసే రెండు మూడు అక్షరాల పేర్ల కాలం నడుస్తోంది. అందుకే తరగతిలో ఇంకో మాణిక్యాంబ ఉండే అవకాశం తక్కువ. దాన్ని లోపంగా చూస్తారో సొగసుగా చూస్తారో మీ ఇష్టం.

ఏ రూపం ఎంచుకున్నా జనన ధ్రువపత్రంలో మొదటే సరిగా పడేలా చూసుకోండి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలు అనేక పనులకు పుట్టినతేదీ రుజువు ఆ కాగితమే. జననాన్ని 21 రోజుల్లోగా తెలియజేయాలి. అప్పటికి పేరు తేలకపోతే ఖాళీగా ఉంచి 12 నెలల్లోగా రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ళ దాకా రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. తొందరపడి ఏదో ఒకటి రాయించి తర్వాత దిద్దించుకోవడం కంటే ఖాళీగా ఉంచడమే నయం. తెలుగులో మా, ణి, క్యా, సున్న, బ వరుసగా సరిచూడండి. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చినచోట ‘క్యా’ విడిపోయి ‘కయా’ అయిపోతుంది. ‘మ్బ’ అని రాయకండి, సున్నే చాలు. ఇంగ్లిషులో పది అక్షరాలు: ఎం, ఏ, ఎన్, ఐ, కే, వై, ఏ, ఎం, బీ, ఏ. బీ పక్కన హెచ్ పెడితే అది ‘భ’ అవుతుంది, అంబ పోయి ‘అంభ’ మిగులుతుంది. దీర్ఘం కోసం రెండు ఏలు పెట్టడం తప్పు కాదు గానీ, ఒక కాగితంలో ఒకటి, మరో కాగితంలో రెండు ఉంటే రేపు ఆధార్ దగ్గర ఆగిపోతుంది. సాయి, శ్రీ వంటివి ముందు చేరుస్తామంటే కలిపి రాయాలో విడిగా రాయాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి.

విభక్తుల్లో ఒక చిన్న తేడా ఉంది. మాణిక్యాంబకు, మాణిక్యాంబను అనే రాయాలి. మీ వైపు ‘మాణిక్యాంబకి’ అంటారు, మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు. ఇంట్లో మాణిక్యం అని పిలిచేటప్పుడు మాత్రం సుబ్రహ్మణ్యానికి అన్నట్టే ‘మాణిక్యానికి చెప్పు’, ‘మాణిక్యాన్ని పిలు’ అనాలి.